ఏం చదవాలో పిల్లలకు వదిలేయాలా?

చిరంజీవి మేనకోడలికి అనంతపురం నుంచి మేనమామ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కళ్యాణదుర్గంలో నువ్వు ప్రధానోపాధ్యాయురాలిగా చేరిన బడిలో, ఏం నేర్చుకోవాలో పిల్లలనే నిర్ణయించుకోనిస్తే ఎలా ఉంటుందని అడిగావు. జీవితమంతా లెక్కలు చెప్పినవాడిని కనుక వెంటనే కాదంటానని అనుకుని ఉంటావు. కాదనను. అయితే ఏ వయసులో, ఏ విషయంలో, ఎంతమేరకు ఆ స్వేచ్ఛ ఇస్తావో ముందు నీలో నువ్వు తేల్చుకోకుండా పిల్లల ముందు ప్రకటించవద్దు.

ఎ.ఎస్.నీల్ 1921లో స్థాపించిన సమ్మర్‌హిల్ పాఠశాల గురించి రాశావు. ఇంగ్లండులోని ఆ బడిలో తరగతికి వెళ్లడం, మానడం పిల్లల ఇష్టం. 1999లో ప్రభుత్వ తనిఖీ అధికారులు దీన్ని తప్పుపట్టినా, మరుసటి ఏడు ట్రిబ్యునల్‌లో రాజీ కుదిరి ఆ పద్ధతి నిలిచింది. నాకు దాని మీద గౌరవమే. కాని అది కొద్దిమంది పిల్లలు ఉపాధ్యాయులతో కలిసి నివసించే వసతి బడి. ఈ ఏడు పాఠం మానిన పిల్లవాడు ఎప్పుడో మనసు మార్చుకుని వచ్చి కూర్చుంటే, మొదటి నుంచి చెప్పడానికి అక్కడ మనుషులూ తీరికా ఉంటాయి. మన దగ్గర ఆరో తరగతిలో భిన్నాలు వదిలేసిన పిల్లకు వాటిని తొమ్మిదిలో ఎవరు చెబుతారు? సిలబస్ పూర్తి కాలేదన్న కంగారు అప్పటికే మొదలై ఉంటుంది.

కాబట్టి చదవడం, రాయడం, లెక్కలు పదో తరగతి దాకా ఎవరి ఇష్టానికీ వదలవద్దు. ఇంటర్మీడియట్‌లో సీఈసీయో హెచ్ఈసీయో తీసుకున్నవారికి ఇంజినీరింగ్ వైపు రావడం ఎంత కష్టమో నీకు తెలుసు. పదిహేనేళ్ల వయసులో చేసే ఆ ఎంపికే అంత బరువైనప్పుడు, పదకొండేళ్ల పిల్ల చేత అంతకంటే ముందే చేయించడం నాకు సమ్మతం కాదు. స్థాయిలో వెసులుబాటు ఇవ్వవచ్చు. సీబీఎస్ఈ వారు 2020 పదో తరగతి పరీక్షల నుంచి గణితంలో తేలికపాటి బేసిక్, మామూలు స్టాండర్డ్ అని రెండు రకాల ప్రశ్నపత్రాలు పెట్టారు.

పిల్లలకు ధారాళంగా వదలవలసింది, పాఠంలోకి ఏ దారిన ప్రవేశించాలన్న నిర్ణయాన్ని. శాతాలంటే ముఖం చాటేసే చీనీ (బత్తాయి) రైతుల పిల్లలు నా తరగతుల్లో ఎప్పుడూ ఉండేవారు. ఏ విషయం మీద లెక్క కావాలో మీరే చెప్పండంటే చీనీ మార్కెట్ అనేవారు. టన్ను ధర ఇరవై వేలు అనుకుని, టన్నుకు వంద కిలోలు సూట్ (తరుగు) కింద తీసేసి తొమ్మిది వందల కిలోలకే డబ్బు కడితే, రైతుకు నిజంగా దక్కే ధర ఎంత? పద్దెనిమిది వేలు, అంటే పది శాతం నష్టం. ఇది అందరూ చెప్పేవారు. టన్నుకు పూర్తి ధర కట్టి, పైన వంద కిలోలు ఉచితంగా తూయించుకుంటేనో? రెండూ ఒకటే గదా సార్, అని తరగతి మొత్తం అనేది. 1,100 కిలోలకు ఇరవై వేలు వస్తే టన్నుకు 18,182 రూపాయలు పడుతుందనీ, నష్టం తొమ్మిది శాతం చిల్లరేననీ నల్లబల్ల మీద తేలాక, ఆ ఇంటి పెద్దలతో సాయంత్రం ఏ వాదనలు జరిగేవో నాకు తెలియదు గాని, మర్నాడు శాతాలు మాకెందుకన్నవారు ఉండేవారు కారు. విషయం వారు ఎంచుకున్నదే. శాతాలు మాత్రం నా పట్టుదల.

ఇక వారానికి వరుసగా రెండు పీరియడ్లు పూర్తిగా పిల్లల ఇష్టానికి కేటాయించు. అయితే నీకేమిష్టమని మొదటి రోజే అడిగితే, టీవీలో చూసిందో పక్కవాడు చెప్పిందో చెబుతారు. ముందు కొన్ని వారాలు అన్నీ రుచి చూపించు: డ్రిప్ పైపులు బిగించడం, మగ్గం మీద డిజైను గళ్లు లెక్కపెట్టడం, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు, నాటకం. ఆ తరువాతే ఎంచుకోమను. నచ్చకపోతే మధ్యలో ఒకసారి మారే అవకాశం కూడా ఉండాలి. మా ఊరి ఆర్ట్స్ కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తత్వశాస్త్రం తీసుకున్నది, బంధువొకరు చదివేసిన ఆ పుస్తకాలు చేతికి రావడం వల్లనే అంటారు. ఆసక్తి దానంతట అది పుడుతుందని ఎదురుచూస్తూ కూర్చోకు, పిల్లల చేతికి ఏదో ఒకటి అందిస్తూ ఉండు.

పెద్ద చిక్కు మాత్రం ఇళ్లలో ఉంది. అబ్బాయికి ఎంపీసీ, అమ్మాయికి బైపీసీ అని తొమ్మిదో తరగతిలోనే తీర్మానం అయిపోతుంది. మిగిలిన పని కాలేజీల పీఆర్వోలు ఇంటికి వచ్చి పూర్తి చేస్తారు. 2020 జాతీయ విద్యా విధానం ఆర్ట్స్, సైన్సుల మధ్య గట్టి గోడలు ఉండరాదని చెప్పింది గాని, ఆ మాట మన ఇళ్ల గడప ఇంకా దాటలేదు. అందుచేత పదో తరగతిలో దసరా సెలవులకు ముందే ప్రతి విద్యార్థినీ విడిగా కూర్చోబెట్టి, ఏ గ్రూపు కావాలో, ఎందుకో అరపేజీ రాయించు. తల్లిదండ్రుల సమావేశంలో వారి అభిప్రాయం అడగకముందే పిల్ల చేతనే ఆ కాగితం చదివించు. వారు ఒప్పుకోకపోయినా గొడవ పడకు; ఆ కాగితాన్ని నీ దగ్గరే భద్రపరచి, సంక్రాంతి తర్వాత మళ్లీ పిలిపించి మాట్లాడు.