పేరు చివర డీఓ ఉంటే ఆయన ఏ డాక్టరు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలో డాక్టరుగా పనిచేస్తున్న ఒక తెలుగు అబ్బాయి సంబంధం వచ్చింది. అబ్బాయి అక్కడే పుట్టి పెరిగాడు. బయోడేటాలో అతని పేరు తరువాత ఎండీ అని కాక డీఓ అని ఉంది. మా బావగారు చూసి 'ఇది కళ్ళ డాక్టర్ల డిప్లొమా, పెద్ద చదువేమీ కాదు' అన్నారు. మా పక్కింటివారు ఇంటర్నెట్‌లో చూసి, ఆస్టియోపతి అంటే మన పుత్తూరు కట్టు లాంటిదని చెబుతున్నారు. అబ్బాయివాళ్ళను నేరుగా అడిగితే బాగుండదని మీకు రాస్తున్నాను. అతను అసలు డాక్టరేనా?
– ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, అతను అమెరికాలో డీఓ, అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్ పట్టా పొంది, అక్కడ లైసెన్సుతో పనిచేస్తున్నట్లయితే సంపూర్ణమైన డాక్టరే. మందులు రాయవచ్చు, శస్త్రచికిత్స చేయవచ్చు, గుండె, మెదడు, క్యాన్సరు వంటి ఏ విభాగంలోనైనా స్పెషలిస్టు కావచ్చు. అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ డీఓకీ ఎండీకీ వైద్యం చేసే హక్కులో తేడా లేదు. ట్రంప్ తొలి పదవీకాలంలో అధ్యక్ష వైద్యుడిగా ఉన్న షాన్ కాన్లీ, ఆయన తరువాత బైడెన్‌కు వైద్యుడిగా ఉన్న కెవిన్ ఓకానర్ ఇద్దరూ డీఓలే.

మీ బావగారు చెప్పినదానికీ ఆధారం ఉంది, కాబట్టి ఆయనను తప్పుపట్టకండి. మన దేశంలో ఎంబీబీఎస్ తరువాత రెండేళ్ళు చదివే నేత్రవైద్య డిప్లొమాను కూడా డీఓ అనే రాసేవారు. చెన్నైలో తరతరాలుగా కంటి వైద్యుల బోర్డుల మీద 'ఎంబీబీఎస్, డీఓ' అని చూస్తూ వచ్చినవారికి ఆ రెండక్షరాలు కనబడగానే ఎగ్మూరు కంటి ఆసుపత్రి గుర్తుకు రావడం సహజం. ఆ డిప్లొమా చదివినవారు కూడా ముందు ఎంబీబీఎస్ పూర్తి చేసిన డాక్టర్లే కనుక దాన్ని చిన్నచూపు చూడవలసిన పని లేదు. అయితే దానికీ ఈ అబ్బాయి చదువుకూ అక్షరాల పోలిక తప్ప మరే సంబంధమూ లేదు.

ఇక పుత్తూరు కట్టు సంగతి. విరిగిన ఎముకకు పసరు పూసి, వెదురు బద్దలు ఆనించి కట్టే ఆ విద్య కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చేది. అమెరికా ఆస్టియోపతికి మూలం వేరు. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు 1864లో మెదడు పొరల వాపు వ్యాధితో తన పిల్లలు ముగ్గురిని పోగొట్టుకున్నారు. పాదరసపు మందులు, రక్తం తీయడం వంటి ఆనాటి చికిత్సల మీద ఆయనకు నమ్మకం పోయింది. ఎముకలు, కండరాలు, కీళ్ళ అమరికను చేతులతో సరిచేస్తే శరీరం తనంతట తానే కోలుకుంటుందని 1874లో ప్రకటించి, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో మొదటి ఆస్టియోపతి కళాశాలను స్థాపించారు. జబ్బులన్నిటికీ వెన్నెముకలోనే మూలం వెతకడం ఆయన సిద్ధాంతంలోని బలహీనత. ఆ తరువాతి తరాలవారు ఆ దారిలోనే ఉండిపోకుండా, తమ కళాశాలల్లో ఆధునిక ఔషధశాస్త్రాన్ని, శస్త్రచికిత్సను, ప్రయోగశాలలను ప్రవేశపెట్టి, వైద్యవిద్యను ఎండీ కళాశాలలతో సమానమైన స్థాయికి తీసుకువచ్చారు. అందుకే ఈనాటి డీఓను స్టిల్ కాలంనాటి సిద్ధాంతంతో కొలవడం అన్యాయమని నా అభిప్రాయం.

ఈ సమానత్వం వారికి సులభంగా దక్కలేదు. అమెరికా వైద్యసంఘం చాలాకాలం వారిని నకిలీ వైద్యులుగానే చూసింది. 1962లో కాలిఫోర్నియాలో ఒక వింత జరిగింది. అక్కడి డీఓలు అరవై ఐదు డాలర్ల రుసుము కట్టి, తమ పట్టాకు బదులు ఎండీ పట్టా తీసుకోవచ్చని ఏర్పాటు చేశారు. సుమారు రెండువేల మంది అలా మార్చుకున్నారు. దానితోపాటు రాష్ట్రంలో కొత్త డీఓలకు లైసెన్సు ఇవ్వడం ఆపివేశారు. ఆ తలుపును 1974లో రాష్ట్ర సుప్రీంకోర్టు తిరిగి తెరిపించింది. అదే మనుషులు, అదే చదువు, మారింది కాగితం మీద అక్షరాలు మాత్రమే అన్నప్పుడు, రెండు పట్టాల మధ్య అంతరం ఎంత పలుచనైనదో ఆ సంఘటనతోనే తేలిపోయింది. అమెరికా సైన్యం కూడా 1960లలోనే డీఓలను వైద్యాధికారులుగా తీసుకోవడం ప్రారంభించింది.

చదువు విషయానికి వస్తే, ఇద్దరూ డిగ్రీ పూర్తిచేసి, ఎంక్యాట్ అనే ఒకే ప్రవేశపరీక్ష రాసి, నాలుగేళ్ళు వైద్యం చదువుతారు. లైసెన్సు కోసం ఎండీలు రాసే పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ, డీఓలు రాసేది కామ్లెక్స్. చాలామంది డీఓ విద్యార్థులు రెండూ రాస్తారు. డీఓలు అదనంగా రెండువందల గంటల వరకు చేతులతో కీళ్ళను, కండరాలను పరీక్షించి సరిచేసే పద్ధతిని నేర్చుకుంటారు. ఆ తరువాత మూడు నుంచి ఏడేళ్ళ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ ఒక విభాగంలో పొందే శిక్షణ, ఉంటుంది. గతంలో రెసిడెన్సీలు వేరువేరుగా ఉండేవి. 2020 నాటికి రెండు వర్గాలకూ ఒకే గుర్తింపు వ్యవస్థ ఏర్పడింది కాబట్టి, ఇప్పుడు ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో, ఒకే గురువుల దగ్గర శిక్షణ పొందుతున్నారు.

తేడా బొత్తిగా లేదంటే అది కూడా పూర్తి నిజం కాదు. డీఓ కళాశాలల్లో చేరేవారి సగటు మార్కులు ఎండీ కళాశాలలవారి కంటే కొంత తక్కువగా ఉంటూ వచ్చాయి. మెదడు శస్త్రచికిత్స, చర్మవైద్యం వంటి గట్టిపోటీ ఉన్న విభాగాల్లో సీటు దొరకడం డీఓలకు మరింత కష్టం. వారిలో ఎక్కువమంది కుటుంబవైద్యం, పిల్లలవైద్యం, జనరల్ మెడిసిన్ వైపు వెళతారు. పల్లెల్లో, చిన్న ఊళ్ళలో డాక్టరు లేని లోటును తీర్చడంలో వారి పాత్ర పెద్దది. నా దృష్టిలో అది తక్కువతనం కాదు, గౌరవించదగిన విషయం. మీరు అబ్బాయిని అడగవలసిందల్లా ఏ విభాగంలో రెసిడెన్సీ చేశాడు, బోర్డు సర్టిఫికేషన్, అంటే ఆ విభాగంలో స్పెషలిస్టుగా గుర్తింపు, వచ్చిందా అన్నవే. పెళ్ళి సంబంధాల్లో ఉద్యోగం గురించి అడగడం ఎలా తప్పు కాదో, ఇదీ అలాగే తప్పు కాదు. అడగడానికి మొహమాటమైతే, ఆ రాష్ట్ర వైద్యమండలి వెబ్‌సైటులో పేరుతో వెతికినా లైసెన్సు వివరాలు ఎవరికైనా కనబడతాయి.

ప్రశ్న: నా మేనల్లుడు చెన్నైలో ఎంబీబీఎస్ మాత్రమే చదివి అమెరికా వెళ్ళాడు. అక్కడి ఆసుపత్రి వెబ్‌సైటులో పేరు పక్కన ఎండీ అని ఉంది. ఇక్కడ ఎండీ చదవనివాడు అక్కడ ఎండీ ఎలా అయ్యాడని బంధువులు గుసగుసలాడుతున్నారు. ఇది మోసమా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, టి. నగర్, చెన్నై

జవాబు: మోసం కాదండీ. మన దేశంలో ఎండీ అంటే ఎంబీబీఎస్ తరువాత మూడేళ్ళు చదివే పీజీ పట్టా. అమెరికాలో ఎండీ అంటే డాక్టరు కావడానికి చదివే మొదటి వైద్య పట్టా, అంటే మన ఎంబీబీఎస్ స్థానంలో ఉన్నది. ఇతర దేశాల్లో చదివి, అమెరికా పరీక్షలు నెగ్గి, రెసిడెన్సీ పూర్తిచేసి లైసెన్సు పొందిన ఎంబీబీఎస్ డాక్టర్లు ఎండీ అని రాసుకోవడాన్ని అక్కడి అనేక రాష్ట్రాలు అనుమతిస్తాయి. న్యూయార్క్ రాష్ట్రమైతే విదేశీ పట్టా ఉన్నవారికి ఎండీ పట్టాను తానే ప్రదానం చేసే పద్ధతి కూడా ఉంది.

అయితే అతను రేపు తిరిగివచ్చి అడయారులో క్లినిక్ తెరిస్తే అదే ఎండీని బోర్డు మీద రాసుకోకూడదు. ఇక్కడ చదివేవారికి దాని అర్థం వేరు, రోగి పొరబడే అవకాశం ఉంటుంది. గుర్తింపు పొంది, రిజిస్టరులో నమోదైన అర్హతలనే పేరు తరువాత రాసుకోవాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెబుతోంది. అమెరికాలో స్పెషలిస్టుగా పనిచేయడానికి గుర్తింపు ఉన్న పీజీ అర్హతకు మన దేశంలోనూ గుర్తింపు ఉంది కాబట్టి, అతను దాన్ని నమోదు చేయించుకుని ఆ పేరుతోనే రాసుకోవచ్చు.

ప్రశ్న: మా వీధిలో రెండు క్లినిక్కులు ఉన్నాయి. ఒక బోర్డు మీద 'ఎండీ' అని, దాని కింద చిన్న అక్షరాల్లో 'సిద్ధ' అని ఉంది. రెండోదాని మీద 'ఆస్టియోపతి డాక్టర్, నడుమునొప్పికి ప్రత్యేకం' అని ఉంది. నా వయసు అరవై ఎనిమిది. నడుమునొప్పితో బాధపడుతున్నాను. ఎవరి దగ్గరికి వెళ్ళమంటారు?
– ఒక పాఠకుడు, వలసరవాక్కం, చెన్నై

జవాబు: మొదటివారు తమిళుల సంప్రదాయ వైద్యమైన సిద్ధవైద్యంలో పీజీ చేసినవారు. ఆయుర్వేదం, యునానీ, హోమియోపతిలో కూడా ఇలాగే ఎండీ పట్టాలు ఉన్నాయి. వారివారి పద్ధతుల్లో వారు చట్టబద్ధమైన వైద్యులే. ఒక పద్ధతిలో అర్హత పొందినవారు అర్హత లేని మరో పద్ధతి మందులు ఇవ్వడం నిర్లక్ష్యమేనని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హోమియో వైద్యుడొకరు ఇంగ్లీషు మందులు ఇవ్వడం వల్ల రోగి మరణించిన కేసు అది.

రెండో బోర్డు విషయంలో జాగ్రత్త అవసరం. పైన చెప్పిన అమెరికా డీఓ వేరు, తక్కిన దేశాల ఆస్టియోపాత్ వేరు. బ్రిటన్‌లో 1993 నాటి చట్టం ప్రకారం ఆస్టియోపాత్‌లకు ప్రత్యేక మండలి, నమోదు ఉన్నాయి. వారు చేతులతో చికిత్స చేస్తారు, కానీ మందులు రాసే వైద్యులు కారు. మీ వీధిలో ఉన్నవారు ఎక్కడ, ఏమి చదివారో బోర్డును బట్టి తెలియదు. ఎంబీబీఎస్ ఉన్న డాక్టరైతే తమిళనాడు మెడికల్ కౌన్సిల్ నమోదు సంఖ్యను క్లినిక్‌లోనూ మందుల చీటీ మీదా తప్పక చూపాలి. ఆ సంఖ్యను అడగండి. ఫిజియోథెరపీ చదివినవారైతే ఆ మాట వారే చెబుతారు, నడుమునొప్పికి వారి సహాయం ఎంతో ఉపయోగకరం కూడా. ఏ అర్హతా చెప్పలేనివారి చేతుల్లో మీ వెన్నెముకను పెట్టకండి.

చేతులతో చేసే చికిత్స కొందరి నడుమునొప్పికి కొంత ఉపశమనం ఇస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. పుర్రె ఎముకలను మెల్లగా ఒత్తి జబ్బులు నయం చేస్తామనే శాఖకు మాత్రం అటువంటి ఆధారం లేదు. మీ వయసులో ఎముకలు గుల్లబారి ఉండవచ్చు కనుక, గట్టిగా తిప్పడం, విరవడం వంటివి చేయించుకునే ముందు ఎంబీబీఎస్ డాక్టరుకు లేదా ఎముకల డాక్టరుకు చూపించుకోండి. అవసరమనుకుంటే వారు ఎక్స్‌రే, ఎముకల సాంద్రత పరీక్ష రాస్తారు. మెడను ఒక్క ఊపున తిప్పించుకోవడానికి అసలే ఒప్పుకోవద్దు. అరుదుగానైనా దానివల్ల మెదడుకు వెళ్ళే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. నొప్పితోపాటు కాలు బలహీనపడినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఆ రెండు క్లినిక్కులనూ పక్కనపెట్టి అదే రోజు పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి.