ధ్యాస కుదిరిన పిల్లాణ్ని పిలవకండి

"మా బాబుకు ఎనిమిదేళ్లు, హోంవర్క్ ముందు పది నిమిషాలు కూడా కూర్చోడు, ఏకాగ్రత రావాలంటే ఏం చేయాలి" అని అడిగారు కదా, రెండేళ్ల కింద మా అబ్బాయి గురించి నేను కనపడ్డ ప్రతివాళ్లనూ ఇదే అడిగాను. ఒకరు లేహ్యం తినిపించమన్నారు, ఒకరు అబాకస్‌లో వేయమన్నారు. అబాకస్‌కు డబ్బు కూడా కట్టాను, మూడు నెలలకే మానేశాడు.

నా మాట సూటిగా చెప్తాను. మీ బాబుకు ధ్యాస లేక కాదు. వాడికి ధ్యాస కుదిరిన ప్రతిసారీ ఇంట్లో పెద్దవాళ్లమే మధ్యలో దూరి తెంపేస్తున్నాం.

మాది నల్లగొండ. మా అమ్మగారిల్లు గుర్రంపోడు దిక్కు, అక్కడ మా నాయినకు బత్తాయి తోట ఉంది. ఎకరానికి వంద చెట్ల దాకా ఉంటాయి, అన్నిటికీ డ్రిప్పే, పైపు నుంచి చెట్టు మొదట్లో చుక్క చుక్కగా నీళ్లు పడతాయి. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, డ్రిప్పర్ల నోటి దగ్గర తెల్లగా పేరుకుని మూసుకుపోతాయి. మోటారు నడుస్తోంది కదా అని ఊరుకుంటే నడి ఎండాకాలంలో ఆ ఒక్క చెట్టుకు నీళ్లందక పిందె రాలిపోతుంది. చెట్టు చెట్టు దగ్గరా వంగి చూస్తే తప్ప తెలియదు.

మొన్న వేసవి సెలవుల్లో ఒకరోజు పొద్దున్నే మా నాయిన నా కొడుకు చేతిలో పాత చీర చింపిన పీలికలు పెట్టి, "నాకు కండ్లు సరిగ ఆనుతలేవు, ఏ చెట్టుకు నీళ్లు పడతలేవో చూసి కొమ్మకు కట్టు" అన్నాడు. అంతే, ఇంకో మాట చెప్పలేదు. ఐదు నిమిషాల్లో తిరిగొస్తాడని నేననుకున్నా.

ఎనిమిదిన్నరకు అమ్మ తపాలచెక్క చేస్తే, చల్లారిపోతుందని పిలవడానికి పోయాను. రెండుసార్లు పిలిచినా పలకలేదు. గొంతుక్కూర్చుని డ్రిప్పర్ కింద అరచేయి పట్టి పెదవులు కదుపుతున్నాడు, చుక్కలు లెక్కపెడుతున్నాడన్నమాట. మూడోసారి గట్టిగా అరిచేసరికి ఉలిక్కిపడి, లెక్క తప్పి, ఏడుపు మొహంతో నా వైపు చూసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. మా నాయిన వెనక నుంచి "పిలవకు బిడ్డా, చల్లారితే చల్లారనీ" అన్నాడు. గట్టు మీద కూర్చున్నాను. గంటకు పైనే పట్టింది. వచ్చాక చూస్తే పదకొండు చెట్లకు పీలికలున్నాయి, కొన్నిటికి ఒక ముడి, కొన్నిటికి రెండు. అసలే పడకపోతే రెండు ముళ్లట, మెల్లగా పడుతుంటే ఒకటట. ఆ తేడా వాడికి ఎవరూ చెప్పలేదు. హోంవర్క్ దగ్గర పది నిమిషాలు కూర్చోని పిల్లాడండీ!

ఆ రోజే నాకు డీఎడ్ టీచర్ ట్రైనింగ్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన మాంటిస్సోరి పాఠం గుర్తొచ్చింది. మరియా మాంటిస్సోరి పిల్లల చదువు మీద పనిచేసిన ఇటలీ డాక్టర్. 1907లో రోమ్‌లో పేదపిల్లలకు ఆమె బడి తెరిచింది. అక్కడ మూడేళ్ల పాప ఒకతె చెక్క బిళ్లలను వాటి వాటి గుంటల్లో పెడుతూ తీస్తూ కూర్చుంది. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించినా, కూర్చున్న కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా ఆపలేదు, నలభైసార్లకు పైగా చేసి, తృప్తిగా తనంతట తనే లేచింది. పిల్ల పనిలో మునిగినప్పుడు పెద్దలు జోక్యం చేసుకోవద్దని మాంటిస్సోరి గట్టిగా చెప్పింది. 1939లో మద్రాసుకు వచ్చి మన టీచర్లకు శిక్షణ కూడా ఇచ్చింది. మనం మాత్రం ఆమె పేరును బోర్డుల మీద రాసుకుని, నలభై నిమిషాలకోసారి గంట కొడతాం. పిల్లాడికి బొమ్మ వేయడంలో అప్పుడే రుచి పుట్టి ఉంటుంది, పుస్తకం మూసి లెక్కలు తీయాలి. సాయంత్రం డైరీలో "ఏకాగ్రత లేదు" అని రాసి పంపిస్తారు. నాకు నిజంగా మండుతుంది.

ఇళ్లల్లో మనమేం తక్కువ? రాసుకుంటుంటే నీళ్లు తాగావా అంటాం, వంగి కూర్చోకు అంటాం, ఆ 'ఞ' అట్లా కాదు అంటాం, బాబాయి వీడియో కాల్‌లో ఉన్నాడు హాయ్ చెప్పు అంటాం. ఒకరోజు కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కించాను, అరగంటలో నేనే తొమ్మిదిసార్లు మాట్లాడించాను. చంటిపిల్లలకు ఫోన్ చూపిస్తూ ముద్దలు పెట్టడం ఇంకో కథ. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, ఐదేళ్లలోపు వాళ్లకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అన్నం తినేటప్పుడు అన్నం మీద ధ్యాస లేకుండా మనమే అలవాటు చేసి, ఆరేళ్లకు పుస్తకం మీద ధ్యాస రమ్మంటే ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు నేను చేసేది, వాడు కూర్చున్నంతసేపూ నా ఫోన్ వంటింట్లో ఉంటుంది. తప్పు కనపడ్డా అయిపోయేదాకా నోరు తెరవను, ఇది చాలా కష్టం. ఎక్కడ అయిపోతుందో వాడికి ముందే తెలియాలి, "చదువుకో" అని కాకుండా "ఈ ఐదు లెక్కలు" అని చెప్తాను. ఇంటిపని కూడా ఇస్తాను, చింతపండులో గింజలు తీయడం, బతుకమ్మకు గునుగు పువ్వు కట్టలు కట్టడం, ఏదైనా సరే, చివర్లో ఎవరో ఒకరు దానికోసం ఎదురుచూసే పని అయి ఉండాలి. లెక్కలకు ఇప్పుడు ఇరవై ఐదు నిమిషాలు కదలడు. తెలుగు కాపీ రాయమంటే మాత్రం ఇప్పటికీ తంటాలే.

ఒక్కటి మాత్రం అశ్రద్ధ చేయకండి. ఇష్టమైన ఆటలో కూడా నిలవలేక, ఇంట్లోనూ బడిలోనూ నెలల తరబడి ఇట్లాగే ఉంటే పిల్లల డాక్టర్‌కు చూపించండి. కళ్లూ చెవులూ కూడా పరీక్ష చేయించండి, బోర్డు కనపడక దిక్కులు చూసే పిల్లలుంటారు.

మీ బాబు ఎవరూ చెప్పకుండా తనంతట తను ఎక్కువసేపు దేని మీద కూర్చుంటాడో రాయండి, గోలీలైనా సరే, చీమల పుట్ట చూడటమైనా సరే. ఈ ఆదివారం దూరం నుంచి, ఏమీ అనకుండా చూసి రాయండి.