చెట్టు రావలసిన చోట వల వస్తే?

ప్రశ్న: ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం నాలుగు దగ్గరి జాతుల డీఎన్ఏ వరుసలను స్ప్లిట్స్‌ట్రీ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి నైబర్‌నెట్ పద్ధతి ఎంచుకుంటే, పుస్తకాల్లో చూసిన వంశవృక్షానికి బదులు నడుమ గడి ఉన్న వల వచ్చింది. ఆ జాతులు పూర్వం సంకరం చెందాయని రాయవచ్చా?

జవాబు: అంతమాత్రాన రాయకూడదు. బ్రయంట్, మౌల్టన్ రూపొందించిన నైబర్‌నెట్ చూసేది జాతుల మధ్య దూరాలనే (డీఎన్ఏ తేడాల కొలతలనే) తప్ప అవి ఎందుకు ఏర్పడ్డాయన్నది కాదు. నాలుగు జాతులను రెండు జంటలుగా విడదీయడానికి మూడు దారులున్నాయి. ఒక్కో దారిలో రెండు జంటల దూరాలనూ కూడండి. చెట్టుకు ఒదిగే దత్తాంశమైతే పెద్ద మొత్తాలు రెండూ సమానంగా, ఉదాహరణకు 10, 16, 16గా ఉంటాయి. నడిమి కొమ్మ పొడవు వాటి తేడాలో సగం, అంటే 3. అలాకాక 10, 14, 16 వచ్చాయంటే ఏ చెట్టూ వాటికి సరిపోదు కనుక 3, 1 పొడవుల భుజాలతో గడి ఏర్పడుతుంది.

ఆ చిన్న భుజానికి సంకరమే కారణం కానక్కరలేదు. ఒకే మార్పు రెండు శాఖల్లో విడివిడిగా జరిగి ఉండవచ్చు. పూర్వజాతిలోని జన్యుభేదాలు సంతతి జాతుల్లోకి అడ్డదిడ్డంగా పంచబడి ఉండవచ్చు. వరుసలను ఒకదాని కింద ఒకటి మీరు సరిగా జతపరచకపోయినా గడి వస్తుంది. (విద్యార్థుల ప్రాజెక్టుల్లో మొదట అనుమానించవలసింది దీన్నే.)

సంకరమని రూఢి అయిన వేరుశనగను చూడండి. దాని 40 క్రోమోజోముల్లో 20 అరాకిస్ డ్యూరనెన్సిస్‌ నుంచి, 20 అరాకిస్ ఇపాయెన్సిస్‌ నుంచి వచ్చాయి. రెండూ దక్షిణ అమెరికా అడవిజాతులే. వేరుశనగలో క్లోరోప్లాస్ట్ (ఆకుకు పచ్చదనాన్నిచ్చే కణభాగం) తల్లి నుంచే సంక్రమిస్తుంది కాబట్టి, ఆ జన్యువులతో గీసిన చెట్టు వేరుశనగను తల్లి అయిన డ్యూరనెన్సిస్ పక్కన చేరుస్తుంది. రెండో సగం క్రోమోజోముల జన్యువులతో గీసినది ఇపాయెన్సిస్ పక్కన చేరుస్తుంది. రెండు చెట్లూ నిజమే, కాబట్టి వాటిని కలిపి గీసే చిత్రంలో ఇద్దరు తల్లిదండ్రులున్న కణుపు (కొమ్మలు కలిసే బిందువు) తప్పదు. 2016లో ఆ రెండు అడవిజాతుల జన్యుపటాలు వెలువడినప్పుడు, ఇపాయెన్సిస్ డీఎన్ఏ వేరుశనగలోని ఆ సగంతో దాదాపు అచ్చుగుద్దినట్లు సరిపోయింది.

కనుక ముందు జన్యువుల వారీగా చెట్లు గీయండి. అవి పొసగకపోతే ఫైలోనెట్, స్నాక్ వంటి ప్రోగ్రాములు పనికివస్తాయి. పూర్వజాతి భేదాల అడ్డదిడ్డపు పంపకాన్ని లెక్కలోకి తీసుకొని, అది చాలనప్పుడే సంకరపు కణుపును సమర్థించే నమూనాలు వాటిలో ఉన్నాయి. జాతులు పెరిగేకొద్దీ సాధ్యమైన వలల సంఖ్య విపరీతంగా పెరుగుతుంది గనుక అవి అన్నింటినీ వెతకలేవు. వేర్వేరు ఆరంభాల నుంచి పలుమార్లు నడపాలి. పైగా కణుపులు పెంచినకొద్దీ దత్తాంశంతో పొంతన ఎలాగూ మెరుగవుతుంది కాబట్టి, ఆ మెరుగుదల చెప్పుకోదగినంత ఉంటేనే కొత్త కణుపును ఒప్పుకోండి. ప్రస్తుతానికి నివేదికలో “దత్తాంశం ఒకే చెట్టుకు ఒదగడం లేదు” అని మాత్రం రాయవచ్చు.