మధ్యలో కరెంటు పోతే లిఫ్టు ఎక్కడున్నట్టు?

ప్రశ్న: సార్, డిప్లొమా చివరి ఏడాది చదువుతున్నాను. రెండంతస్తుల గోడౌన్‌కు సరుకుల లిఫ్టు కంట్రోలర్ ప్రాజెక్టుగా చేస్తున్నాను. కింద ఆగడం, పైకి, పైన ఆగడం, కిందికి అని 4 స్టేట్లు (లిఫ్టు ఉండగల స్థితులు) పెట్టాను. 2 ఫ్లిప్‌ఫ్లాప్‌లు (ఒక్కోటి 0 లేదా 1 గుర్తుంచుకునే సర్క్యూట్) సరిపోయాయి. ఇంకేమైనా కావాలా?
– ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: కావాలి బాబూ, ఐదో స్టేట్. లిఫ్టు పైకి వెళ్తుండగా కరెంటు పోయిందనుకో. తిరిగొచ్చాక నీ సర్క్యూట్ రీసెట్ అయి, 'కింద ఆగి ఉన్నాను' అనుకుంటుంది. నిజానికి అది బస్తాలతో మధ్యలో వేలాడుతూ ఉంటుంది. నా మొదటి కంట్రోలర్‌లో నేనూ ఇదే తప్పు చేశాను. ఒక రైస్ మిల్లులో హమాలీ కింద తలుపు తీయబోతుంటే మేస్త్రి కేకేసి ఆపాడు. ఆ కేక నాకిప్పటికీ వినిపిస్తుంది.

అందుకే రీసెట్ అవగానే 'లోపం' అనే స్టేట్‌లోకి వెళ్లాలి, మోటారు ఆగి ఉండాలి. తలుపులు మూసి, మనిషి బటన్ నొక్కి పట్టుకుంటేనే కింది లిమిట్ స్విచ్ (లిఫ్టు చివరికి చేరగానే తగిలి ఆన్ అయ్యేది) దాకా దిగాలి. 5 స్టేట్లకు 3 ఫ్లిప్‌ఫ్లాప్‌లు పడతాయి. వాటితో వచ్చే 8 కోడ్‌లలో మిగిలిన మూడింటినీ డోంట్ కేర్‌గా, అంటే ఏమైనా ఫర్వాలేదని, వదలకు, 'లోపం'కే పంపు. రెండు లిమిట్ స్విచ్‌లూ ఒకేసారి ఆన్ అయినా అక్కడికే. ప్రయాణానికి 10 సెకన్లు పడితే, 15 దాటినా చేరనప్పుడు కూడా అంతే.

తలుపు స్విచ్‌ను మాత్రం లాజిక్‌కు ఒక్కదానికే అప్పగించకు. లిఫ్టు హద్దు దాటితే తెగే ఓవర్‌ట్రావెల్ స్విచ్‌తో పాటు దాన్ని కాంటాక్టర్ (మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) కాయిల్‌కు సిరీస్‌లో వైరింగ్ చెయ్యి. చిప్ పాడైనా, తలుపు తెరిస్తే మోటారు ఆగుతుంది.