కర్సర్ వెళ్తుంది, క్లిక్ పడదు

ఈసారి సందేహం పర్లాకిమిడి నుంచి వచ్చింది. నిజానికి ఇదే సందేహం ఇంతకు ముందు బరంపురం నుంచి, గునుపూర్ నుంచి కూడా వచ్చింది. ఊళ్లు మారుతున్నాయి గానీ ఫిర్యాదు మారడం లేదు. విడివిడిగా జవాబులు రాసి అలిసిపోయాను కాబట్టి ఇక అందరికీ కలిపి ఇక్కడే. ముందు పర్లాకిమిడి ఉత్తరం.

పర్లాకిమిడిలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణం నడుపుతున్నాను. రోజంతా అవే గడులు, అవే బటన్లు. చేయి నొప్పి పుట్టి, పైథాన్‌లో టీకేఇంటర్‌తో చిన్న విండో ఒకటి రాసుకున్నాను. అందులో బటన్ నొక్కితే కర్సర్ బ్రౌజర్‌లో ‘సమర్పించు’ మీదకు వెళ్లి క్లిక్ చేయాలి. వెళ్తోంది, క్లిక్ మాత్రం పడడం లేదు. ఇంట్లో లినక్స్ లాప్‌టాప్‌లో అయితే కర్సర్ కూడా కదలడం లేదు. తప్పు ఎక్కడుంది?

మీరు ఒకటే అనుకుంటున్న పని నిజానికి రెండు పనులు. టీకేఇంటర్‌లోని ‘ఈవెంట్ జనరేట్’ ఫంక్షన్‌కు మోషన్ అనే ఈవెంట్, అంటే ‘కర్సర్ కదిలింది’ అన్న కబురు ఇచ్చి, ‘వార్ప్’ ఆప్షన్ జోడిస్తే, టీకేఇంటర్ వెనక పని చేసే టీకే నిజమైన కర్సర్‌నే లాక్కెళ్లి పెడుతుంది. విండో తెర మీదకు వచ్చి ఉండాలన్నది ఒక్కటే షరతు. క్లిక్ సంగతి అలా కాదు. మీరు పుట్టించిన ‘బటన్ వన్’ ఈవెంట్, టీకే తన సొంత విడ్జెట్ (విండోలోని బటన్, గడి లాంటిది) చెవిలో “నిన్ను ఎవరో నొక్కారు” అని ఊదే మాట మాత్రమే. ఆ మాట మీ ప్రోగ్రాము గడప దాటదు. పక్కింట్లో ఉన్న బ్రౌజర్‌కు అది వినిపించదు. వినిపించకపోవడమే మంచిది కూడా.

గడప దాటాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి. విండోస్‌లో ‘సెండ్‌ఇన్‌పుట్’, పాత లినక్స్ డెస్క్‌టాప్‌లలో ‘ఎక్స్‌టెస్ట్’ ఉన్నది అందుకే. మీరు తరువాత తెచ్చుకున్న, మౌస్‌నూ కీబోర్డునూ నడిపే పైథాన్ లైబ్రరీ పైఆటోగుయి లోపల చేసేది కూడా దాదాపు ఇదే. విండోస్‌లో మరో చిక్కుంది. విస్టా వచ్చిన 2007 నుంచి, తక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రాము ఎక్కువ అధికారంతో నడిచే విండోకు క్లిక్ పంపలేదు. పంపినా అది దారిలోనే ఆగిపోతుంది. ఆగిపోయిన సంగతి మీ ప్రోగ్రాముకు చెప్పరు; ‘సెండ్‌ఇన్‌పుట్’ తిరిగి ఇచ్చే సంఖ్యలో కూడా ఆ జాడ ఉండదు. “కొన్ని విండోల్లో పని చేస్తోంది, కొన్నింటిలో చేయడం లేదు” అని రాసిన బరంపురం పాఠకుడికి జవాబు ఇదే.

ఇక ఇంట్లోని లినక్స్. అక్కడ తెర మీద విండోలను చూపించే ఎక్స్ విండో వ్యవస్థ 1984లో ఎంఐటీలో మొదలైంది. దాని పదకొండో రూపం 1987లో వచ్చి, మొన్నమొన్నటి దాకా రాజ్యమేలింది. ఆ కాలపు ఆలోచన ఉమ్మడి కుటుంబం లాంటిది. ఒకే తెర మీద ఉన్న ప్రోగ్రాములన్నీ బంధువులే కాబట్టి ఎవరైనా ఎవరి కర్సర్‌నైనా కదపవచ్చు, ఎవరు ఏ మీట నొక్కారో చూడవచ్చు. దాని స్థానంలోకి రావడానికి 2008లో మొదలైన వేలాండ్ ఈ ఇంటికి గదులు కట్టి తలుపులు పెట్టింది. కర్సర్ ఎక్కడుండాలో తెరను నడిపే ‘కంపోజిటర్’ నిర్ణయిస్తుంది. టీకే ఇప్పటికీ పాత భాషే మాట్లాడుతుంది కాబట్టి మధ్యలో ఎక్స్‌వేలాండ్ అనే దుబాసీ నిలబడుతుంది. ఆ దుబాసీ ‘కర్సర్ కదుపు’ అన్న మాటను చాలా వరకు మింగేస్తుంది. కాబట్టి మీ కోడ్‌లో తప్పు లేదు, లాప్‌టాప్‌లోనూ లేదు. కావాలనే అలా కట్టారు. టీకే లాగే విండోలు తయారు చేసే జీటీకే అయితే, 2020 చివర వచ్చిన నాలుగో రూపంలో ఇంకో అడుగు ముందుకు వేసి, కర్సర్‌ను దూకించే ఫంక్షన్‌నే తీసేసింది. అలా దూకిస్తే వాడేవారికి గందరగోళంగా ఉంటుందని దాని పత్రాల్లోనే రాసుకున్నారు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు వాడేవాళ్ల గురించి అంత ఆలోచించడం అరుదు, అందుకే గుర్తుంది.

ఇక్కడితో ఆపేద్దును. కానీ మీరు ఉత్తరంతో పాటు పంపిన కోడ్ చూశాక నాకు నిద్ర పట్టలేదు.

మొదటిది. లినక్స్‌లో కర్సర్ కదలడం లేదని ఎవరో చెప్పగా మీ ఖాతాను ‘ఇన్‌పుట్’ గ్రూపులో చేర్చుకున్నారు. ఈ సలహా ఇచ్చేవాళ్లు సగమే చెబుతారు. కీబోర్డు పంపే సంకేతాలన్నీ ‘డెవ్ ఇన్‌పుట్’ ఫోల్డర్‌లోని ఫైళ్ల గుండా పోతాయి. వాటిని చదివే హక్కు ఆ గ్రూపుకు ఉంటుంది. అంటే ఇకపై మీ ఖాతాలో నడిచే ప్రతి ప్రోగ్రామూ, నిన్న దించుకున్న ఉచిత ఆట సహా, మీరు నొక్కే ప్రతి అక్షరాన్నీ చదవగలదు. వేలాండ్ పెట్టిన తలుపులన్నీ మీరే తీసి, తాళంచెవి గుమ్మానికి వేలాడదీశారు. మీ కంప్యూటర్‌లో మీ పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే మీ ఇష్టం అనేవాణ్ని. దరఖాస్తు కోసం వచ్చిన ముసలాయన ఆధార్ సంఖ్య, ఆయన ఫోన్‌కు వచ్చిన ఓటీపీ, కూతురి బ్యాంకు ఖాతా నంబరు అన్నీ, ఆ లాప్‌టాప్‌లో ఒక్క దరఖాస్తు నింపినా, ఆ కీబోర్డు మీదే పడతాయి. ఈ రాత్రికే ఆ గ్రూపు నుంచి బయటకు రండి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. మాక్ వాడేవాళ్లూ నవ్వనక్కర్లేదు. అక్కడ ఒక్క స్క్రిప్టు కోసం టెర్మినల్‌కు ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి ఇస్తే, ఆ టెర్మినల్‌లో నడిచే స్క్రిప్టులన్నింటికీ ఇచ్చినట్టే.

రెండోది. పైఆటోగుయిలో ‘ఫెయిల్‌సేఫ్’ను రెండో వరుసలోనే ఆపేశారు. కర్సర్ తెర మూలకు పోయినప్పుడల్లా ప్రోగ్రాము ఆగిపోతోందని విసుక్కున్నారు. బాబూ, ఆగడానికే అది ఉన్నది. స్క్రిప్టు అదుపు తప్పినప్పుడు మీ చేతిలో మిగిలే చివరి పగ్గం అదే. మౌస్‌ను మూలకు విసిరితే ఆగుతుంది. అది కూడా తీసేస్తే, నిద్రలో నడిచే మనిషికి కత్తి ఇచ్చి వంటింట్లో వదిలినట్టే. స్క్రిప్టుకు కళ్లుండవు. “ఫలానా చోట నొక్కు” అంటే అక్కడ నొక్కుతుంది, అప్పుడు అక్కడ ఏముందో చూడదు.

నాకిది అనుభవమే. ఒకసారి ఇలాంటి స్క్రిప్టుతోనే పాత బిల్లులు అచ్చు వేయిస్తూ టీ కోసం లేచాను. తిరిగి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. మధ్యలో అప్‌డేట్ విండో పైకి తేలింది. నా స్క్రిప్టు ‘ప్రింట్’ అనుకుని నొక్కిన చోట ‘ఇప్పుడే రీస్టార్ట్’ ఉంది. సగం బిల్లులు పోయాయి. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ మనిషి పని చేస్తుండగా విండోను ముందుకు తోసి, బటన్‌ను సరిగ్గా కర్సర్ కింద పెట్టే అప్‌డేట్ పద్ధతి ఏ తెలివైన బుర్రలో పుట్టిందో వాళ్లకే తెలియాలి. బ్యాంకు పేజీ తెరిచి ఉన్నప్పుడు ఇదే జరిగితే ఏమయ్యేదో మీరు ఊహించుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. మీ స్క్రిప్టు ఎక్కువసార్లు చేసే పని ఏమిటో లెక్క పెట్టాను. తెర కింది మూలకు వెళ్లి ఒడియా కీబోర్డు ఎంచడం, మళ్లీ వెళ్లి ఇంగ్లీషుకు రావడం. పేరు ఒడియాలో ఒక గడిలో, ఇంగ్లీషులో మరో గడిలో అడిగే ఫారాలు మన సరిహద్దు ఊళ్లలో అందరికీ తలనొప్పే. వచ్చినవాడు తన పేరు తెలుగులో చెబుతాడు, కాగితం ఒడియాలో ఉంటుంది, సర్వర్‌కు ఇంగ్లీషు కావాలి. దీనికోసం నలభై వరుసల కోడ్ రాయడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కండి, భాష మారుతుంది. మీ లినక్స్‌లో కూడా చాలా డెస్క్‌టాప్‌లలో అదే జత పని చేస్తుంది. గడి నుంచి గడికి వెళ్లడానికి టాబ్, వెనక్కి రావడానికి షిఫ్ట్‌తో టాబ్, టిక్కు పెట్టడానికి స్పేస్. మీ సొంత టీకే విండోలో అయితే కర్సర్‌ను లాగకుండా ‘ఫోకస్ సెట్’ వాడండి. అక్షరాలు ఎక్కడ పడాలో చెప్పడానికి బాణంతో పని లేదు.

“టాబ్ నొక్కితే తరువాతి గడికి కాకుండా పేజీ అడుగుకు పోతోంది” అని మీరు తిరిగి రాస్తారని తెలుసు. అవును, పోతుంది. ఈ సరిహద్దుకు రెండు వైపులా దరఖాస్తు పేజీలు చేసేవాళ్లలో చాలామంది తమ పేజీని ఒక్కసారి కూడా మౌస్ పక్కన పెట్టి నింపి చూడరు. పుట్టిన తేదీ టైపు చేయనివ్వరు. క్యాలెండర్ తెరిచి, 1958 చేరే దాకా నెల వెనక నెల నొక్కమంటారు. ఖాతా నంబరు పేస్ట్ చేయనివ్వరు, అది భద్రత అట. చేత్తో పదిహేను అంకెలు కొట్టి ఒకటి తప్పితే డబ్బు ఇంకొకరి ఖాతాలో పడడం ఏ రకం భద్రతో వాళ్లే చెప్పాలి. కంటిచూపు లేనివారు, చేతులు వణికేవారు కీబోర్డు మీదే ఆధారపడతారన్న ధ్యాస కూడా ఉండదు. మీలాంటి కుర్రాళ్లు రాత్రి కూర్చుని కర్సర్‌ను దూకించే స్క్రిప్టులు రాసుకోవలసి రావడానికి సగం కారణం ఈ పేజీలే.

తరువాతి ఉత్తరం. గునుపూర్‌లో ఉపాధ్యాయుణ్ని. పిల్లల కోసం టీకేఇంటర్‌తో క్విజ్ తయారు చేశాను. ప్రతి ప్రశ్న తరువాత కర్సర్ తెర మధ్యకు రావాలి. నా కంప్యూటర్‌లో వస్తోంది, బడిలోని లాప్‌టాప్‌లో కుడి కిందికి జారిపోతోంది.

మాస్టారూ, లాప్‌టాప్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ (తెర మీదివి పెద్దవి చేసి చూపించే అమరిక) 125 శాతం ఉంటుంది, చూడండి. మీరు 1920, 1080లలో సగం లెక్కగట్టి 960, 540 అని కోడ్‌లో రాసిపెట్టారు. స్కేలింగ్ సంగతి తెలియని ప్రోగ్రాముకు విండోస్ ఆ తెరను 1536, 864గా చూపిస్తుంది. మీరిచ్చిన 960, 540 అసలు తెర మీద 1200, 675 దగ్గర పడుతుంది. అదే మీరు చూస్తున్న జారుడు. ప్రోగ్రాము మొదట్లోనే, విండో పుట్టకముందే, విండోస్ ఫంక్షన్లను పైథాన్ నుంచి పిలవనిచ్చే సీటైప్స్ ద్వారా ‘సెట్ ప్రాసెస్ డీపీఐ అవేర్‌నెస్’ను పిలిచి 1 ఇవ్వండి. అంకెలు చేత్తో రాయకుండా తెర వెడల్పును ‘విన్‌ఫో స్క్రీన్‌విడ్త్’తో అడిగి సగం చేయండి. ఇంకో మాట. పిల్లలు వేరే విండోకు పోకుండా ‘గ్రాబ్ సెట్ గ్లోబల్’ పెట్టాలని ఉందన్నారు, వద్దు. ప్రోగ్రాము మధ్యలో బిగుసుకుపోతే మౌస్ దానికే బందీగా ఉండిపోవచ్చు, అప్పుడు క్లాసు సాగదు. అసలు ఆలోచిస్తే, చేతిలో ఉన్న మౌస్ తనంతట తాను ఎగిరిపోతే పిల్లవాడు బెదురుతాడు. జవాబుల బటన్లను మధ్యలో పెడితే చాలదా?

రాయగడలో ఇంటి నుంచి ఉద్యోగం చేస్తున్నాను. అయిదు నిమిషాలు మౌస్ కదలకపోతే నేను పనిలో లేనట్టు చూపిస్తోంది. కదిపే స్క్రిప్టు మంచిదా, ఆన్‌లైన్‌లో దొరికే యూఎస్‌బీ పరికరం మంచిదా?

మౌస్ కదలికతో మనిషి పనిని కొలిచే యజమాని మీద నాకేమీ గౌరవం లేదు. అయినా రెండూ వద్దంటాను. స్క్రిప్టు వల్ల తెర తనంతట తాను లాక్ కాదు; మీరు భోజనానికి లేచినప్పుడు కంపెనీ డేటా అంతా ముందు గదిలో తెరిచి ఉంటుంది. యూఎస్‌బీ పరికరం ఇంకా చెడ్డది. అది “నేను మౌస్‌ను” అని చెప్పుకుంటే కంప్యూటర్ నమ్ముతుంది. “నేను కీబోర్డును కూడా” అంటే అదీ నమ్ముతుంది. నమ్మించి ఆదేశాలు టైపు చేయించవచ్చని పరిశోధకులు 2014లోనే చేసి చూపించారు. పేరూ ఊరూ లేని పరికరాన్ని ఆఫీసు కంప్యూటర్‌కు గుచ్చకండి. మీ పై అధికారితో ఒకసారి మాట్లాడండి.

జయపురంలో నాన్నగారి కంప్యూటర్‌లో కర్సర్ తనంతట తానే కదులుతోంది. ఆయన రాసిన స్క్రిప్టులేమీ లేవు. ఎవరైనా చొరబడ్డారా?

అమ్మా, ముందు వెనకవైపు చూడండి. పాత వైర్‌లెస్ మౌస్ రిసీవర్ ఇంకా గుచ్చి ఉండి, ఆ మౌస్ బీరువాలో ఏ పుస్తకం కిందో నలుగుతూ ఉండవచ్చు. లాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్ మీద తడి చేయి పడినా ఇలాగే ఆడుతుంది. కర్సర్ వణికితే, ఒక మూలకు జారితే అది వస్తువు పని. ఒక విండో తెరిచి, ఆగి, చదివి, ఇంకోటి నొక్కితే మాత్రం అది మనిషి పని. ఈ మధ్య “బ్యాంకు నుంచి” అంటూ ఎవరైనా ఫోన్ చేసి ఏదైనా దించుకోమన్నారా అని నాన్నగారిని మెల్లగా అడగండి, కోప్పడితే చెప్పరు. అవునంటే ముందు రౌటర్ ప్లగ్ పీకండి. ఆ తరువాత వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పండి. పాస్‌వర్డులు కూడా ఆ వేరే ఫోన్ నుంచే మార్చండి, ఆ కంప్యూటర్ నుంచి మాత్రం కాదు.