దారం బిగించే ముందు

చిరంజీవి సింధుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు సొంతంగా పవర్ సప్లై, అంటే ఇంటి కరెంటును పరికరాలకు తగ్గట్టు మార్చే పెట్టె, తయారు చేస్తున్నావనీ, లోపలి వైర్లను ప్లాస్టిక్ టైలతో కాకుండా దారంతో లేసింగ్ చేస్తానంటున్నావనీ, అంటే వరుస ముళ్లతో కట్టగా కడతానంటున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ మాట మీ పెద్దమ్మకు భోజనాల దగ్గర రెండుసార్లు చెప్పి విసిగించాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మేము చేసిన పని మన ఇంట్లో ఇంకొకరి చేతికి వస్తుందని అనుకోలేదమ్మా. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ పెట్టెలోకి వచ్చే 230 వోల్టులు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

అందుకే ముందు ఇవి విను. ప్లగ్గు పీకకుండా మూత తీయకు. పీకినా పెద్ద కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉంటుంది, మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టు. మెయిన్స్ వైర్లు ఒక కట్ట, మిగతావి వేరే కట్ట. పెట్టె కొలతకు చెక్క మీద గీతలు గీసి, మలుపుల దగ్గర మేకులు కొట్టి, వాటి వెంట వైర్లు పరిచి కడితే పని సులువు.

దారం మైనం పట్టించినదై ఉండాలి. చదునైన నైలాన్ లేదా పాలిస్టర్ నాడా దొరికితే మంచిది, లేకపోతే తోలు కుట్టే మైనపు దారం తెచ్చుకో. గాలం దారం జోలికి మాత్రం పోకు. ఎందుకో మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

కాలేజీలో ఉండగా వాడు మా వీధి వినాయకుడి పందిరికి ఆంప్లిఫయర్ చేశాడు. వైర్లన్నీ ఒకటే కట్టగా చేర్చి, సన్నటి గాలం దారంతో పళ్లు బిగబట్టి లాగి కట్టాడు. ముడికీ ముడికీ మధ్య దూరం స్కేలు పెట్టి కొలిచినట్టుండేది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, నాతో సహా. ఆ కట్ట వెళ్లి, వేడిని బయటికి వదిలే లోహపు దిమ్మ అయిన హీట్‌సింక్‌కు ఆనుకుని ఉందని ఎవరూ గమనించలేదు. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. మెత్తబడిన తొడుగులోకి దారం రోజురోజుకూ కొంచెం కొంచెంగా దిగిపోయింది. నిమజ్జనానికి ముందురోజు భజన మధ్యలో రాగి రాగిని తాకింది. ఫ్యూజు ఉండాల్సిన చోట మీ నాన్న లావుపాటి రాగి తీగ చుట్టి పెట్టాడు! పొగ పందిరి గుడ్డ దాకా పాకింది. ఎవరో మెయిన్ ఆపేశారు కాబట్టి సరిపోయింది. వాడిని తిట్టడానికి నోరు తెరిచి, వణుకుతున్న ఆ చేతులు చూసి ఊరుకున్నాను. తర్వాత కట్ట విప్పితే ప్రతి ముడి కిందా వైరు మీద కత్తితో గీసినట్టు గాటు ఉంది. పైకి అంత అందంగా ఉండబట్టే ఎవరమూ లోపల చూడలేదు.

కాబట్టి ముడి వైర్లు కదలకుండా పట్టుకుంటే చాలు, తొడుగు మీద నొక్కు పడకూడదు. వేడెక్కే భాగాలకు కట్ట దూరంగా ఉండాలి. కట్టే ముందు ప్రతి వైరూ ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో మీటరుతో సరిచూసుకో. ఫ్యూజు మాత్రం లెక్క ప్రకారమే పెట్టు. ఈ విషయంలో మీ నాన్న సలహా అడగకు.

వాడాల్సింది మార్లిన్ ముడి, అంటే కట్ట చుట్టూ తిప్పిన ప్రతి చుట్టులోనూ దారం నిజంగా ముడి పడేది. ఊరికే మెలికలా ఉండే మామూలు హాఫ్ హిచ్ కూడా పైకి అలాగే కనిపిస్తుంది కానీ, ఒకచోట దారం తెగితే వరుసంతా వదులైపోతుంది. ముందు పెన్సిలు మీద నాలుగైదు ముళ్లు వేసి, పెన్సిలును మెల్లగా బయటికి లాగు. దారం వరుసగా చిన్న చిన్న ముళ్లు పడి మిగిలితే సరిగ్గా వేశావన్నమాట. ఏ ముడీ లేకుండా సాఫీగా సాగిపోతే అది హాఫ్ హిచ్, మళ్లీ మొదలుపెట్టు. కట్టలోంచి వైరు పక్కకు విడిపోయే చోట, దానికి అటూ ఇటూ ఒక్కో ముడి పడాలి.

ఈ కాలంలో దారమేమిటని నీ స్నేహితులు నవ్వితే నవ్వనీ. 2012లో అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవర్‌లోనూ వైర్లను ఇలా కట్టారు. ప్లాస్టిక్ టైలు కత్తిరించిన కొసలు చేతులు గీసేస్తాయి. నా మణికట్టు మీద గీతలు చిన్నప్పుడు నువ్వే లెక్కపెట్టేదానివి.

అంతా అయ్యాక, ప్లగ్గు పెట్టకముందే, మూత తెరిచి ఉన్న ఫొటో ఒకటి పంపు. పెద్దమ్మ ఫోనుకే పంపు, నా ఫోనులో ఏదీ పెద్దదిగా కనిపించదు. నేను చూసి సరేనన్నాకే స్విచ్చి వెయ్యి.

మీ పెదనాన్న