పంక్చర్ వేసిన చోటే మళ్లీ గాలి పోతోందా? ముల్లు ఇంకా టైర్లోనే ఉంది

తమ్ముడూ, తుమ్మలగుంట నుంచి కాలేజీకి తొక్కే సైకిల్‌కి, వెనక చక్రం నెలలో 3 సార్లు పంక్చర్ అయిందన్నావు. కొత్త ట్యూబు ఇప్పుడే కొనొద్దు. పాతదాంట్లో గాలి నింపి బక్కెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడు. చిల్లు రిమ్ము వైపు ఉంటే స్పోకు మొన గుచ్చుకుంటోందేమో, రిమ్ము టేపు (స్పోకు మొనలు ట్యూబుకు తగలకుండా రిమ్ము లోపల వేసే పట్టీ) చూసుకో. టైరు వైపు ఉంటే వాల్వ్‌ను గుర్తుగా పెట్టుకుని ట్యూబును టైరు మీద పరిచి, చిల్లుకు ఎదురుగా లోపలంతా తడుము. వేలితో వద్దు, దూది ఉండతో. ముల్లు ఉన్నచోట దూది పట్టుకుంటుంది.

నాకూ అలాగే దొరికింది. బియ్యపు గింజలో సగం కూడా లేని తుమ్మముల్లు మొన, రబ్బరు రంగులో కలిసిపోయి ఉంది. బయటికి అసలు కనబడలేదు. మనిషి బరువు పడినప్పుడే లోపలికి పొడుచుకొస్తుంది. పట్టకారుతో లాగెయ్.

అతుకు వేసేముందు ఉప్పుకాగితంతో బాగా రుద్దు. సొల్యూషన్ పూశాక 5 నిమిషాలు ఆగు, దయచేసి తొందరపడకు. తడి మీద అంటిస్తే మన తిరుపతి ఎండకు ఊడిపోతుంది. గాలి ఎంత పట్టాలో టైరు పక్కనే పీఎస్ఐలో (గాలి ఒత్తిడి కొలత) రాసి ఉంటుంది, అంత కొట్టు.